సైకిలుకు కప్పు ఉండదు

గోదావరిఖని,
డిసెంబర్ 1974

తమ్ముడు మొగిలికి,

ఉత్తరం మొదట్లో "ఇక్కడ మేమంతా క్షేమం" అని రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. అందుకే నేరుగా సంగతిలోకి వస్తున్నాను.

మీ బావ ఇంట్లో పడుకోవడం లేదు. దసరా తర్వాత గనిలో కప్పు కూలి సదయ్య పోయాడు కదా, ఆనాటి నుంచి ఇదే వరస. మంచం వాకిట్లో వేసుకుంటాడు. చలికి పళ్లు టకటకలాడినా లోపలికి రాడు. అన్నం కూడా అక్కడే. నిన్న చిన్నది "బాపూ, లోపలికి రా" అని వేలు పట్టుకుని లాగింది. గడప దాకా వచ్చి పైకి చూశాడు. చెమటలు పట్టి వెనక్కి పోయాడు.

నీకు సైకిళ్ల సంగతులు తప్ప గని సంగతులు తెలియవు కాబట్టి చెబుతున్నాను. ఆయన సర్దార్. అందరికంటే ముందు లోపలికి పోయి, కర్రతో కప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి గట్టిగా ఉందో డొల్లబారిందో చెప్పాలి. ఆయన మంచిగుంది అంటేనే మిగతావాళ్లు అడుగు పెడతారు. సదయ్య కప్పుకు కర్రలు నిలబెట్టేవాడు. ఆ రోజు తిండి వేళకు అందరూ పక్కకు వచ్చారట. లోపల వీళ్లిద్దరే ఉన్నారట. విచారణలో ఈయన "నాకు ఏ చప్పుడూ వినపడలేదు" అన్నాడు. ఎవరి తప్పూ లేదని తేల్చారు.

వాళ్లు తేల్చినా కాలనీలో నోళ్లు ఊరుకుంటాయా? నల్లా దగ్గర రాజం పెండ్లాం నా మొహం మీదే అంది: "నర్సింగన్న చెవు సచ్చిందట గదనే? మా ఆయన ఇగ ఆయన వెనుక దిగడట." బిందె అక్కడే పారేసి వద్దామనుకున్నాను. నింపుకునే వచ్చాను, ఇంట్లో నీళ్లు లేవు మరి.

సెలవు శివరాత్రి దాకా ఉంది. ఆలోపు డ్యూటీ ఎక్కకపోతే పేరు తీసేస్తామని, క్వార్టరు ఖాళీ చేయాలని కాగితం వచ్చింది. ఆయన చదివి, మడతపెట్టి నా చేతికే ఇచ్చాడు. ఇద్దరు ఆడపిల్లలను వెంటపెట్టుకుని నేనెక్కడికి పోవాలిరా? నాకు చాలా భయంగా ఉంది. నువ్వు వాగుడుకాయవు, ఆయనకు నువ్వంటే ఇష్టం. ఏదో ఒకటి చెయ్యి.

అక్క అనసూర్య

*

కొత్తగూడెం,
జనవరి 1975

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ రోజు దుకాణం తెరవలేదు. తెరిచినా ఎవరి చక్రానికి ఎవరి ట్యూబు ఎక్కించేవాడినో.

బావను ఇటు పంపు. రెండు సైకిళ్లు విప్పి, కడిగి, నూనె పెట్టి ఉంచాను. బేరింగులు కూడా కొత్తవే. అంతర్వేది దాకా పోయి వస్తాం. సముద్రం పక్కన చిన్న ఊరు. మీ గోదావరిఖని దగ్గర పారే గోదావరే అక్కడికి పోయి సముద్రంలో కలుస్తుంది. నరసింహస్వామి గుడి కూడా ఉంది కాబట్టి మొక్కు ఉందని చెప్పు.

"ధర్మపురి నరసింహుడు పక్కనే ఉండగా సముద్రం దాకా ఎందుకురా" అని నువ్వు అంటావు. నాకు తెలుసు. బస్సుకు కప్పు ఉంటుంది. రైలుకు కప్పు ఉంటుంది. సైకిలుకు కప్పు ఉండదు. ఎండలో, గాలిలో కాళ్లు పీకేలా తొక్కితే మనిషి ఎక్కడైనా నిద్రపోతాడు. ఒకసారి నిద్ర పట్టిందంటే మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు ఫికరు పెట్టుకోకు.

మొగిలి

*

గోదావరిఖని,
జనవరి 1975

మొగిలీ,

మీ బావ రేపు బయలుదేరుతున్నాడు. బస్సు ఎక్కనన్నాడు. బసంత్‌నగర్ నుంచి కొత్తగూడేనికి సిమెంటు లారీ పోతుందట, బస్తాల మీద కూర్చుని వస్తాడు. బూడిద పూసుకున్న సన్న్యాసిలాగా దిగుతాడు, భయపడకు.

ఆయన కర్రను నేనే సంచిలో పెట్టాను. నాతో ఒక్క మాట అనకుండా తీసి గోడకు ఆనించాడు.

మొన్న సదయ్య పెండ్లాం సారవ్వ వచ్చింది. సదయ్య పోయాక ఆమెకు కంపెనీ దవాఖానలో ఆయా పని ఇచ్చారు. మొదటిరోజు డ్యూటీ చేసి, చక్కెర తెచ్చి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. "నువ్వు అన్న లెక్క నిలబడ్డవు నర్సింగన్నా" అంది. ఈయన ఆ చక్కెర నోట్లో వేసుకోలేదు. పిడికిట్లో పట్టుకుని బయటికి పోయాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆమె ఏమనుకుందో ఏమో.

ఆఫీసు కాగితం సంగతి ఆయన దగ్గర ఎత్తకు. దారిలో అన్నం తినిపించు.

అక్క

*

నర్సాపురం,
ఫిబ్రవరి 1975

అక్కా,

ఏటి ఒడ్డున పంటు కోసం కూర్చుని రాస్తున్నాను. జనాన్ని, సైకిళ్లను, మేకలను, అన్నింటినీ దాని మీద ఎక్కించి అవతలికి చేరుస్తారు. అక్కడి నుంచి అంతర్వేది ఎంతో దూరం లేదు.

నీ మొగుడి కాళ్లు కాళ్లు కావు. అశ్వారావుపేట అడవిలో ఎత్తులు వచ్చినప్పుడల్లా నేను దిగి నెట్టాను, ఆయన ఒక్కసారీ దిగలేదు. జంగారెడ్డిగూడెం దాటాక పొగాకు కాల్చే కొట్టాలు వచ్చాయి, ఆ తర్వాత కాలువ గట్లు, కొబ్బరి చెట్లు. నేలంతా చదునుగా ఉంది కదా, ఇక సుఖమే అనుకున్నాను. సముద్రం మీది నుంచి ఎదురుగాలి మొదలైంది. నిలబడి తొక్కినా సైకిలు కదలదు. నా వెనుక చక్రం రెండుసార్లు పంచరైంది. సైకిలు దుకాణం వాడి సైకిలే పంచరైందని బావ నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. టీ కొట్టు ఆయన మా మాటలు విని "ఏ ఊరండీ మీది, భలే మాట్లాడుతున్నారు" అన్నాడు. "మీరే భలే మాట్లాడుతున్నరు" అన్నాను. దానికీ నవ్వలేదు.

కళ్లాల్లో, కాలువ గట్ల మీద పడుకుంటున్నాం. మంచుకు నాకు జలుబు పట్టింది.

నిన్న పాలకొల్లు దగ్గర జరిగింది నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెబుతున్నాను. ఇరుకు వంతెన. బావ వెనుక నుంచి "మొగిలీ, ఆగు! లారీ వస్తుంది" అని అరిచాడు. నేనూ చూశాను. "సందున్నది, పడుతది తీ బావా" అని నవ్వుతూ తొక్కేశాను. లారీ నన్ను రాసుకున్నట్టుగా పోయింది గానీ ఏమీ కాలేదు. తిరిగి చూస్తే బావ సైకిలు పడేసి రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఒళ్లంతా వణుకుతోంది. "ఆగుమంటె ఎందుకు ఆగవురా? ఆగుమంటె ఎందుకు ఆగవు?" అదే మాట, మళ్లీ మళ్లీ. చెంపలు వేసుకున్నాను, గడ్డం పట్టుకున్నాను. వినలేదు. ఇంత చిన్నదానికి మనిషి ఇంతగా వణుకుతాడా? నేను తప్పు చేశానేమో, అసలు తీసుకురాకుండా ఉండాల్సిందేమో అనిపిస్తోంది.

పంటు వచ్చింది. ఉంటాను.

మొగిలి

*

అంతర్వేది,
ఫిబ్రవరి 1975

అక్కా!

ఈ ఉత్తరం కూర్చుని చదువు. శుభవార్తే.

వచ్చిన రోజు సముద్రం చూశాం. బావ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నీళ్లను వదిలేసి ఆకాశం కేసి చూశాడు. "గింత పెద్ద కప్పుకు ఒక్క కర్ర గూడ లేదు చూడు మొగిలీ" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం అకాల వాన పడింది. యాత్రికులందరూ ఊరి చివర ఉన్న పాత సత్రంలోకి పరిగెత్తారు. నేనూ దూరాను. బావ మాత్రం వానలోనే నిలబడ్డాడు. కాసేపటికి గుమ్మం దగ్గరికి వచ్చి లోపలి కప్పు చూశాడు. నా సైకిలు పంపు అందుకుని లోపలికి వచ్చాడక్కా! కప్పు కిందికి వచ్చాడు! అరుగు ఎక్కి పంపుతో అక్కడో దెబ్బ, ఇక్కడో దెబ్బ కొడుతూ, చెవి పైకి పెట్టి వింటూ నడుమకు వచ్చి ఆగిపోయాడు.

"డొల్ల పలుకుతుంది. అందరు బయటికి నడువుండ్రి."

ఎవరూ కదల్లేదు. కొందరు నవ్వారు కూడా. అప్పుడు మీ ఆయన ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి గుంజడం మొదలుపెట్టాడు. ముసలమ్మను, చంటిపిల్ల తల్లిని, భోజనం చేస్తున్న పెద్దమనిషిని విస్తరి ముందు నుంచి. నా భుజం ఊడి వచ్చిందే అనుకున్నాను. సత్రం చూసుకునే ఆండాళమ్మగారు పరిగెత్తుకొచ్చి "మతుండే చేస్తున్నారా ఈ పని? తుఫానులకే చెక్కుచెదరని సత్రమండీ ఇది! ముద్ద దగ్గర నుంచి లేపేస్తారా మనిషిని?" అని దులిపేసింది. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, అంతే.

చాలాసేపు ఏమీ కాలేదు. తిట్లు తిని తిని ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. వాన వెలిసింది, జనం మళ్లీ లోపలికి పోబోతున్నారు. మన సంచులు తెద్దామని నేను ముందుగా లోపలికి పోయాను. అంతే, కప్పు నడుమ నుంచి మంచమంత పెచ్చు దభీమని పడింది! పక్కకు దూకాను కాబట్టి బతికాను. అదే చోటక్కా, బావ ఆగిన చోటే. ఆండాళమ్మగారే జనాన్ని గుమ్మం దగ్గర నుంచి దూరంగా నెట్టింది. ఆ ముసలమ్మ బావ చేతులు పట్టుకుని ఏడ్చింది.

మీ ఆయన చెవి బతికే ఉంది. కాలనీ అంతా చాటు. ఎల్లుండి బయలుదేరుతున్నాం.

మొగిలి

*

గోదావరిఖని,
మార్చి 1975

తమ్ముడూ,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. మీ బావ ఎండకు నల్లబడి, చిక్కి, నిమ్మళమైన మొహంతో వచ్చాడు. మర్నాడే ఆఫీసుకు పోయి డ్యూటీకి వస్తానని చెప్పి వచ్చాడు. శివరాత్రికి ఇంకా రెండు రోజులు ఉండగానే దిగాడు. క్వార్టరు మనదే.

సత్రం సంగతి నల్లా దగ్గర నేనే చెప్పాను. ఒకసారి కాదు, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. రాజం పెండ్లాం బిందె కింద పెట్టి విన్నది. ఇప్పుడు రాజం కూడా ఈయన వెనుకే దిగుతున్నాడు. "అవ్వో, సైకిలు పంపుతోనే పట్టిండంటే కర్రతోని ఇంకెట్ల పట్టాలె!" అంటున్నారు. నేను తల ఎత్తుకుని నీళ్లు తెచ్చుకుంటున్నాను. ఇంత సంతోషం నాకు ఈ మధ్య లేదు.

మంచం ఇంకా వాకిట్లోనే ఉంది. దానికేం, నెమ్మదిగా లోపలికి వస్తుంది.

అక్క

*

కొత్తగూడెం,
మార్చి 1975

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రాజం కూడా దిగుతున్నాడని రాశావు చూడు, అక్కడ నా చూపు ఆగిపోయింది.

ఆ కప్పు దానంతట అది పడలేదు. నేనే పడగొట్టాను.

బావ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆయన మొహం నువ్వు చూడలేదు. ఈసారి కూడా తప్పని తేలితే ఈ మనిషి ఇక లేవడు అనిపించింది. సంచుల పేరు చెప్పి లోపలికి పోయి, బట్టలు ఆరేసే వెదురుగడ తీసుకుని, బావ ఆగిన చోటే పొడిచాను. రెండు పోట్లకు వచ్చేసింది. గడ మూలకు విసిరేసి బయటికి పరిగెత్తాను. ఎవరూ చూడలేదు. నేనేదో గొప్ప పని చేశానని ఆ రోజంతా లోలోపల మురిసిపోయాను కూడా.

ఇప్పుడు తిండి సయించడం లేదు. ఆయన చెవి నిజంగానే పోయి ఉంటే? నేను ఆడిన నాటకాన్ని నమ్ముకుని ఆయన మంచిగుంది అంటాడు, ఆయనను నమ్ముకుని అంతమంది కప్పు కిందికి పోతారు. మొన్న ఇక్కడ గని సైరను మోగింది. మామూలు షిఫ్టు సైరనే. దుకాణంలో పని వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తాను.

చెబితే మీ ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో రాయడానికి కూడా భయంగా ఉంది. నాకు బుద్ధి లేదక్కా. నువ్వే ఏదో ఒకటి చెప్పు. బావ గుంజిన భుజం ఇంకా నొప్పి పెడుతూనే ఉంది, రాత్రిళ్లు అటు తిరిగి పడుకోలేకపోతున్నాను. ఆ నొప్పి వచ్చినప్పుడల్లా ఇదే గుర్తుకొస్తోంది.

మొగిలి

*

గోదావరిఖని,
మార్చి 1975

మొగిలీ,

నీ ఉత్తరం అందిన పూట నువ్వు నా ఎదురుగా ఉంటే నా చేతిలో దెబ్బలు తినేవాడివి. దూరంగా ఉన్నావు, బతికిపోయావు.

మీ బావది రెండో షిఫ్టు. తిని బయలుదేరడానికి ఇంకా కొంత వేళ ఉంది. ఉత్తరం కొంగులో దాచుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను. కూర మాడిపోయింది. నిజం చెబుతున్నాను, చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. ఇల్లు నిలబడుతుంది, పిల్లలు నిలబడతారు, నల్లా దగ్గర నా తల నిలబడుతుంది. అంతలో రాజం పెండ్లాం మన వాకిట్లో నుంచి పోతూ "అనసూర్యా, మా ఆయనదీ గదే షిఫ్టు. నర్సింగన్న ఉన్నడని నాకు ఫికరే లేదు" అని నవ్వుకుంటూ పోయింది. ఇక ఉండలేకపోయాను.

ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి నీ ఉత్తరం మొత్తం చదివాను. ఆయన రెండో బూటు ముడి వేసుకుని తల ఎత్తాడు.

"నాకు ఎరికే" అన్నాడు.

"ఏం ఎరిక?"

"పక్కకు దుంకినోని తల మీద గంత సున్నం పడదు. వాని అరచేతిల వెదురు పేడు గుచ్చుకొని ఉండె. నేనే గుంజి తీసిన."

"మరి ఎరికుండి ఎట్ల దిగుతున్నవు? నీ చెవు మంచిగున్నదో లేదో తెల్వకుండ గంతమందిని ఎట్ల తోల్కపోతున్నవు?"

నవ్వాడురా. సదయ్య పోయాక మొదటిసారి.

"పిచ్చిదానా, డొల్ల పలికిన కప్పును గనిల మేం పడేదాక చూస్తమా? దూరం నిలబడి, పొడుగు గడ్డపారతోని మేమే పొడిచి పడగొడ్తం. గదే మా పని. గట్టి కప్పయితె వెదురుగడకు రెండు పోట్లల్ల వస్తదా? మొగిలిగాడు నా మాట అబద్ధమనుకొని పొడిచిండు. నిజం గనుకనే పడ్డది."

నేను మంచం మీద ఆయన పక్కనే కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయన మాత్రం నవ్వడం ఆపేశాడు.

"నా చెవు ఎన్నడు చావలే, అనసూర్యా. ఆ దినం గూడ విన్న."

"ఏం విన్నవు?" అన్నాను.

"అందరు తినపోయినంక ఇంకోసారి కొట్టి చూసిన. డొల్ల పలికింది. 'సదన్నా, బయటికి రా' అని ఒర్లిన. 'ఈ ఒక్క కర్ర నిలబెట్టి వస్త తీ' అన్నడు. నవ్వుకుంట అన్నడు. మల్ల ఒర్లిన. గంతే. రెండడుగులు ముందుకు పోయి చెయ్యి పట్టి గుంజకపోతిని. వస్తడు తీ అనుకున్న."

"మరి విచారణల వినపడలే అని ఎందుకు చెప్పినవు?"

"విన్ననంటె, చెప్పినా రాలేదని తప్పు సదన్న మీద పడ్తది. సారవ్వకు పని ఇస్తరో ఇయ్యరో అని భయమైంది. నా చెవు సచ్చిందంటె సచ్చిందనుకోనీ."

పాలకొల్లు దగ్గర నువ్వు "పడుతది తీ బావా" అని నవ్వావు చూడు, ఆయన ఎందుకు వణికిపోయాడో అప్పుడు నాకు తెలిసింది. సారవ్వ ఇచ్చిన చక్కెర ఎందుకు నోట్లో వేసుకోలేదో కూడా. ఇన్నాళ్లూ ఆయన కప్పుకు భయపడుతున్నాడని అనుకున్నాం. ఆయన భయం ఒట్టి కప్పుకు కాదురా. ఒర్లితే జనం వినరేమో, మళ్లీ ఎవడో ఒకడు లోపలే ఉండిపోతాడేమోనని.

"సత్రంల ఎవడు నా మాట వినలే" అన్నాడు. "అయినా ఊకోలే. ఒక్కొక్కల్ల చెయ్యి పట్టి గుంజిన. తిట్టిండ్రు. తిడితే తిట్టనీ, అందరు బయటవడ్డరు. అప్పుడనిపించింది, ఇగ దిగొచ్చని. ఇప్పుడు లోపల గట్లనే చేస్తున్న. వస్త తీ అన్నోనితోని మాట్లాడ. గుంజుడే."

గోడకు ఆనించిన కర్ర అందుకున్నాడు. వాకిలి దాటబోతూ ఆగాడు.

"గని మొగిలిగాడు నేను గుంజినంక గూడ మల్ల లోపలికి పోయిండు. సరిగ్గ దాని కిందనే నిలబడి పొడిచిండు. సదన్న ఎట్ల నిలబడ్డడో గట్లనే. ఈ మాట వానికి రాయి."

ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లల్లోకి నేను చూడలేకపోయాను. నీ మీద కోపం అనుకున్నాను. కోపం కాదు.

సారవ్వ దగ్గర ఈ మాట ఎప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. ఆమె రేపు దవాఖాన డ్యూటీకి పోతూ మన వాకిట్లో నుంచే పోతుంది, ఎప్పటిలాగే నవ్వుతూ పలకరిస్తుంది. నేను ఏ మొహం పెట్టుకుని నవ్వాలో ఇప్పటి నుంచే ఆలోచిస్తున్నాను.

షిఫ్టు సైరను మోగింది. ఈపాటికి దిగి ఉంటాడు. మంచం ఇంకా వాకిట్లోనే ఉంది. లోపలికి తెమ్మని నేను ఇక అడగను.

నీ భుజం ఇంకా నొప్పిగా ఉందని రాశావు. మందు రాసుకోకు. కొన్నాళ్లు అలాగే ఉండనీ.

అక్క